మూడున్నరేళ్ల పెళ్లిలో 103 రోజుల కాపురం

ఒడిశాలోని పర్లాకిమిడిలో గైనకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఊరు దాటగానే ఆంధ్రా పాతపట్నం. గజపతి జిల్లాలో ఈ వైపు ఊళ్లన్నీ తెలుగు మాట్లాడేవే, అందుకే నా ఓపీలో బోర్డు ఒడియాలో ఉన్నా మాట ఎక్కువగా తెలుగులోనే సాగుతుంది. ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి, ఆమె భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

2024 ఆగస్టులో, కాశీనగర్ వైపు ఊరి నుంచి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి 23 ఏళ్లు. సంచీలోంచి ఫైలు తీసింది అత్తే, మాట్లాడిందీ అత్తే. "పెళ్లై నాలుగో ఏడు పడింది డాక్టరమ్మా. ఒక్క నెల తప్పనేదు" అంది. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. ఈ పరిస్థితిలో వచ్చే ఆడపిల్లలు చాలామంది ఇలాగే కూర్చుంటారు. శిక్ష పడబోయే మనిషిలా ఒక పాతికేళ్లలోపు పిల్ల నా ఎదురుగా కూర్చుంటే ఇన్నేళ్ల ప్రాక్టీసు తర్వాత కూడా నాకు కడుపులో తిప్పినట్టే ఉంటుంది.

ఫైలు బరువుగానే ఉంది. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర బలానికని ఇంజెక్షన్లు. ఆ తర్వాత ఒక నర్సింగ్‌హోమ్‌లో గుడ్డు పెరగడానికిచ్చే క్లోమిఫీన్ మాత్రలు ఎనిమిది నెలలు. చివరగా ఒక ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సెంటరు వాళ్లు పెట్టిన ఉచిత క్యాంపులో గుడ్ల సంఖ్యను అంచనా వేసే ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష, ఒక స్కానింగు. ఆ చీటీ కింద "ఐవీఎఫ్ సలహా" అని, పక్కన 1,80,000 అని రాసి ఉంది. 20,000 రూపాయలు అడ్వాన్సుగా కట్టేశారు. మిగతాదానికి అర ఎకరం భూమి తాకట్టు పెట్టడానికి మాట్లాడుకుని, చివరిసారిగా ఇంకో డాక్టరు మాట విందామని నా దగ్గరికి వచ్చారు.

ఆ ఫైలులో భర్త పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు.

క్యాలెండరు

భర్త ఏం చేస్తాడని అడిగాను. సూరత్‌లో పవర్‌లూమ్ పని. మా గంజాం, గజపతి జిల్లాల్లో ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడి మగపిల్లలు తరాలుగా ఆ మగ్గాల దగ్గరికే పోతున్నారు. అక్కడ పన్నెండు గంటల షిఫ్టు, మెస్ గదుల్లో పది ఇరవై మంది కలిసి ఉండటం, ఒకడు డ్యూటీకి వెళ్తే ఇంకొకడు ఆ చోటులోనే పడుకోవడం. అక్కడికి భార్యను తీసుకెళ్లడం కుదరదు. సంక్రాంతికీ రథయాత్రకీ ఇంటికొస్తారు.

గోడమీది క్యాలెండరు తీసి బల్లమీద పెట్టాను. పాత సంవత్సరాలవి ఫోన్‌లో చూసుకుంటూ, అబ్బాయి ఎప్పుడెప్పుడు వచ్చాడో చెప్పమని అత్తగారినే అడిగాను. ఆమెకు చదువు రాదు, కానీ కొడుకు వచ్చిన రోజూ వెళ్లిన రోజూ ఆ తల్లికి వేళ్ల మీదే ఉన్నాయి. 2020 డిసెంబరులో పెళ్లి, తొలి సంక్రాంతి చూసుకుని వెళ్లాడు: 24 రోజులు. 2021 రథయాత్రకు 12 రోజుల సెలవు మీద వచ్చాడు. ఆ లెక్క రాయబోతుంటే ఆమే నా చేయి ఆపింది. "తొలి ఆషాఢం కదమ్మా, పిల్ల కన్నోరింట్లో ఉంది" అంది. కొత్త కోడలు ఆషాఢమాసం అత్తగడప తొక్కకూడదు, రథయాత్ర వచ్చేదేమో ఆషాఢంలోనే. ఆ 12 రోజులు కొట్టేశాం. తర్వాత 2022 సంక్రాంతికి 14, రథయాత్రకు 10. 2023 సంక్రాంతికి 15, రథయాత్రకు 11. ఆ ఏడాదే మామగారు పోతే కర్మలకు వచ్చి పన్నెండు రోజులున్నాడు, అవి మైల రోజులు, అవీ కొట్టేశాం. 2024 సంక్రాంతికి 16, మొన్నటి రథయాత్రకు 13.

మొత్తం కూడితే 103 రోజులు.

సంతానలేమి అని మేము పేరు పెట్టేది, భార్యాభర్తలు ఏ జాగ్రత్తా లేకుండా కలిసి కాపురం చేసి 12 నెలలు గడిచినా గర్భం రానప్పుడు. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే చూడటం మొదలుపెడతాం. పెళ్లైన తేదీ నుంచి లెక్కపెట్టమని ఎక్కడా లేదు. వీళ్ల కాపురం మొత్తం కలిపినా నాలుగు నెలలు కూడా కాదు. పైగా ఆ అమ్మాయికి డేట్ 40, 50 రోజులకు గానీ రాదు. విడుదలైన అండం బతికేది ఒక రోజు, వీర్యకణాలు లోపల బతికేది మహా అయితే ఐదు రోజులు. అంటే ఒక చక్రంలో గర్భం రాగల రోజులు ఆరే. ఆ లెక్కన ఈ 103 రోజుల్లో వీళ్లకు నిజంగా అవకాశం దొరికింది రెండుసార్లో, మహా అయితే మూడుసార్లో.

అప్పుడు క్లోమిఫీన్ చీటీలు తేదీల వారీగా క్యాలెండరు పక్కన పరిచాను. ఎనిమిది చీటీల్లో ఏడు, భర్త సూరత్‌లో ఉండగా వాడినవి. ఎనిమిదోది 2023 సంక్రాంతి నాటిది. అదీ డేట్ వచ్చిన రెండో రోజు నుంచి ఆరో రోజు వరకు మాత్రలు వేసుకుంది, అతను తొమ్మిదో రోజున రైలెక్కాడు. గుడ్డు పెరగడానికి మందు ఇచ్చారు. గుడ్డు పెరిగిందో లేదో ఒక్క స్కాన్ తీయలేదు. ఆ సమయానికి భర్త ఇంట్లో ఉంటాడా అని ఎవరూ అడగలేదు.

"మరెందుకిచ్చినారమ్మా అన్ని మందులు?" అని అత్తగారు అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ నర్సింగ్‌హోమ్ డాక్టరుని నిందించడం తేలికే. కానీ ఓపీలో అరవై మంది కూర్చున్నప్పుడు, "పిల్లలు లేరు" అనగానే చేయి దానంతటదే మాత్ర రాసేస్తుంది. ఆ తొందర నాలోనూ ఉంది, దాన్ని ఆపుకోవడానికే ఇప్పుడు క్యాలెండరు బల్లమీదే ఉంచుకుంటున్నాను.

ఆమెలో ఏముంది

బరువు 61 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు. గడ్డం కింద కొద్దిగా వెంట్రుకలు. స్కానింగులో రెండు అండాశయాల నిండా చిన్న చిన్న ఫాలికల్స్. అందరూ "నీటిబుడగలు" అనే పీసీఓఎస్ ఇదే. ఆ పేరు వినగానే లోపల ఏవో గడ్డలున్నాయని పిల్లలు హడలిపోతారు. అవి గడ్డలు కావు. పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన గుడ్ల సంచులు. గుడ్లు లేకపోవడం కాదు, నెలనెలా ఒకటి పూర్తిగా పెరిగి బయటికి రాకపోవడమే ఇక్కడి ఇబ్బంది.

క్యాంపులో చేసిన ఏఎంహెచ్ 7.8. "గుడ్ల నాణ్యత బాలేదు, ఆలస్యమైతే అవీ ఉండవు" అని ఆ అమ్మాయికి చెప్పారట. ఏఎంహెచ్ గుడ్ల సంఖ్యను గురించి ఒక అంచనా ఇస్తుందే తప్ప వాటి నాణ్యత చెప్పదు, మామూలుగా గర్భం వస్తుందో రాదో కూడా చెప్పదు. పీసీఓఎస్‌లో అది ఎక్కువగానే ఉంటుంది. 23 ఏళ్ల పిల్లకు 7.8 వస్తే గుడ్లు అయిపోతున్నాయని భయపెట్టడం పచ్చి అబద్ధం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇలాంటి అమ్మాయికి ఐవీఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే ఒకేసారి చాలా గుడ్లు పెరిగి, అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.2. ఈ ప్రాంతంలో కనిపించే వంశపారంపర్య రక్తజబ్బు సికిల్ సెల్‌కి కూడా పరీక్ష చేయించాను, లేదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, అన్నం తగ్గించి సాయంత్రం పొలం గట్టు మీద ముప్పావుగంట నడవమన్నాను. పీసీఓఎస్‌లో బరువు ఐదు శాతం తగ్గినా కొందరికి గుడ్డు తనంతట తానే విడుదలవుతుంది.

మామగారు పోయింది టీబీతో అని రెండోసారి వచ్చినప్పుడు చెప్పారు. ఇది తేలిగ్గా వదిలేసే మాట కాదు. మన దేశంలో ట్యూబులు (గర్భనాళాలు) మూసుకుపోవడానికి గర్భాశయ టీబీ పెద్ద కారణం, చాలాసార్లు దగ్గూ జ్వరం ఏమీ లేకుండా లోలోపలే పాడుచేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే తీయించి, మామూలుగా ఇంత చిన్న వయసులో ఆలస్యంగా రాసే ట్యూబ్ టెస్టు (మందు పోసి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే) ముందే రాశాను. డేట్ వచ్చి రక్తస్రావం ఆగిన తర్వాత బరంపురంలో చేయించుకున్నారు. రెండు వైపులా మందు నీళ్లలా పారింది. అక్కడితో ఆపాను. టీబీ క్రిమి కోసం చేసే ఒక్క పీసీఆర్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని, ఇంకే ఆధారం లేకుండా ఆరు నెలల టీబీ మందులు మింగించిన ఆడపిల్లలను చూశాను. అలాంటి అనుమానపు మందులు ఈ అమ్మాయికి వద్దనుకున్నాను.

నేను చేసిన తప్పు

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో ఉంటుంది. వీర్య పరీక్ష మా చేతిలో ఉన్న పరీక్షలన్నిటిలో చౌకైనది, నొప్పి లేనిది. అయినా మా వైపు అది ఎప్పుడూ చివరిదే. ఆడదాని రక్తం తీసి, స్కాన్ తీసి, ట్యూబుల్లో మందు పోసి, పొట్టకు చిన్న కోత పెట్టి చూసినా పరవాలేదు. మగవాణ్ణి మాత్రం అడగకూడదు. "మగోడికేటమ్మా పరీక్ష?" అని ఈ అత్తగారూ అంది.

మొదటి రోజే అతనికి ఫోన్ చేయించాను. స్పీకర్‌లో పెట్టి, తల్లి, భార్య, నా నర్సు వింటుండగా వీర్య పరీక్ష గురించి చెప్పాను. మంచి ఉద్దేశంతోనే చెప్పాను. కానీ ఆ గదిలో నలుగురు ఆడవాళ్లం, అటువైపు షెడ్డులో అతని పక్కన ఎందరో. అతను "సరే" అని పెట్టేశాడు. తర్వాత మూడు వారాలు భార్య ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. ఆ మూడు వారాలు ఆ పిల్ల ఏం అనుభవించిందో నాకు తర్వాత తెలిసింది. అది నా వల్లే జరిగింది. ఇప్పుడు ఈ మాట మగవాడితో ఒంటరిగా తప్ప చెప్పను, ముందుగా ఎవరికీ చెప్పనని మాట ఇస్తాను.

నాకు తెలిసిన ఒక మగ డాక్టరు, ఆ భర్తకు షిఫ్టు లేని సమయం చూసి అతనితో మాట్లాడారు. అతను సూరత్‌లోనే ఒక ల్యాబులో వీర్యం నమూనా ఇచ్చాడు. మూడు రోజులు దూరంగా ఉండి ఇవ్వడమనే నియమం ఎలాగూ పాటించినట్టే. వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 11 మిలియన్లు, చురుగ్గా ముందుకు కదిలేవి 22 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం కింది హద్దులు 16 మిలియన్లు, 30 శాతం. రిపోర్టు చూసి అతను కుప్పకూలిపోయాడు. "అయితే నాదేనా లోపం" అని అడిగాడట. భార్య నాలుగేళ్లుగా మోస్తున్న మాట అది, అతని దాకా వచ్చేసరికి ఒక్క రాత్రి నిద్ర లేదు.

ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు. వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ్టి రిపోర్టులో కనిపించేది రెండు మూడు నెలల కిందటి ఒంటి పరిస్థితి. అడిగితే అప్పుడు వారం రోజులు గట్టి జ్వరం వచ్చిందని తేలింది. రోజుకు ఎనిమిది పొట్లాల గుట్కా. నైట్ షిఫ్టులు, మగ్గాల వేడి, తిండికి వేళాపాళా లేదు. జ్వరం ఒక్కటే చాలు కౌంట్ పడిపోవడానికి. గుట్కా మానేయమని, మూడు నెలల తర్వాత మళ్లీ ఇవ్వమని చెప్పాం. డిసెంబరులో రెండో రిపోర్టు: 19 మిలియన్లు, 33 శాతం. గొప్పగా లేదు, కానీ సరిపోతుంది. గుట్కా పూర్తిగా మానలేదని, రోజుకు రెండుకి వచ్చిందని నిజం చెప్పాడు. ఆ నిజం చెప్పినందుకే అతని మీద నాకు గౌరవం పెరిగింది.

రాసిచ్చిన మందు

2025 సంక్రాంతికి వచ్చినప్పుడు మొదటిసారి ఇద్దరూ కలిసి నా ఎదురుగా కూర్చున్నారు. ఆమె బరువు 58కి దిగింది. నేను ముందుగా చెప్పింది మందు కాదు, ఒక గది. ఐవీఎఫ్‌కని భూమి తాకట్టు పెట్టి తేబోయిన డబ్బులో ఒక వంతు చాలు, సూరత్‌లో ఏడాది పాటు చిన్న గది అద్దెకు తీసుకోవచ్చు. అతను వెంటనే తల ఊపాడు. అత్తగారికి నచ్చలేదు. ఆవుల్ని ఎవరు చూస్తారు, ఊళ్లో ఏమనుకుంటారు, పిల్లకు ఆ ఊరి భాష రాదు. ఆమె భయం నిజమైనదే. భర్త పోయి ఏడాదిన్నర, కోడలు కూడా వెళ్తే ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. నేను బలవంతం చేయలేదు. పాత క్యాలెండరు కాగితం మాత్రం ఫైలులోంచి తీసి ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "నూట మూడు" అని తనే అంది. జనవరి చివర్లో ఇద్దరినీ బరంపురం స్టేషన్లో రైలెక్కించి వచ్చింది.

గుడ్డు విడుదలకు లెట్రోజోల్ ఎంచుకున్నాను. పీసీఓఎస్‌లో క్లోమిఫీన్ కంటే దీనితో ఎక్కువమందికి బిడ్డలు పుడుతున్నారని తేలాక ఇప్పుడు మొదట వాడేది ఇదే. 2011లో మన ప్రభుత్వం దీన్ని సంతానం కోసం వాడకూడదని నిషేధించి 2017లో ఆ నిషేధం తీసేసింది. ఆ పాత జ్ఞాపకంతో ఇప్పటికీ కొందరు మందుల షాపువాళ్లు "ఇది క్యాన్సర్ మందు కదా" అని పిల్లల్ని భయపెడతారు. ఇచ్చే ముందే వాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

ఫిబ్రవరిలో డేట్ మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు 2.5 మిల్లీగ్రాములు. సూరత్‌లోనే స్కాన్, రిపోర్టు నాకు వాట్సాప్‌లో. గుడ్డు పెరగలేదు. మార్చిలో 5 మిల్లీగ్రాములు, పద్నాలుగో రోజుకు 19 మిల్లీమీటర్ల ఫాలికల్, విడుదలైంది కూడా. ఏప్రిల్‌లోనూ విడుదలైంది, గర్భం రాలేదు. వాళ్లకు టెన్షన్ మొదలైంది. అన్నీ సక్రమంగా ఉన్న జంటకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగైదింట ఒక వంతే అని ముందే చెప్పి ఉంచినందుకు కొంత ఊరట.

జూన్‌లో నెల తప్పింది. జులై మొదటి వారంలో స్కాన్‌కి వెళ్తే గుండె చప్పుడు లేదు. రెండు రోజులకు దానంతటదే పోయింది.

తెలిసిన గర్భాల్లో ఆరేడింట ఒకటి ఇలా పోతుంది. ఎక్కువసార్లు ఆ పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే తప్ప, తల్లి బరువెత్తడం వల్లో మెట్లెక్కడం వల్లో కాదు. ఈ మాట ఫోన్‌లో ఆ పిల్లకు మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఏడుపు ఆపి, "అంటే నాకు నిలుస్తాదన్నమాటే కదమ్మా" అంది. గర్భం వచ్చిందంటే ట్యూబులు, గుడ్డు, అతని కణాలు అన్నీ ఒక్కసారైనా పనిచేశాయి. అది అబద్ధపు ఓదార్పు కాదు.

అప్పుడు అత్తగారు తన జీవితంలో మొదటిసారి ఆ రైలెక్కి సూరత్ వెళ్లింది. పదిహేను రోజులుండి వచ్చి నన్ను కలిసింది. కోడలి గురించి కాదు, కొడుకు గురించే చెప్పింది. "ఆ రొదలో పిల్లడు పన్నెండు గంటలు నిలబడతన్నాడని నాకేటి తెలుసమ్మా" అంటూ కళ్లు తుడుచుకుంది. కోడల్ని తిరిగి తీసుకురాలేదు.

ఐవీఎఫ్ గురించి

నేను ఐవీఎఫ్‌కి వ్యతిరేకిని కాదు. ఇదే ఏడాది 24 ఏళ్ల ఇంకో అమ్మాయికి రెండు ట్యూబులూ మూసుకుపోతే, ఒక్క నెల కూడా వృథా చేయకుండా విశాఖపట్నం పంపాను. కౌంట్ మరీ తక్కువగా ఉన్న భర్తలకూ అదే దారి. కానీ చిన్న వయసులో, మంచి సెంటర్లో కూడా మొదటి ప్రయత్నంలోనే బిడ్డ చేతికొచ్చేది సగం మంది కంటే తక్కువకే అని క్యాంపులో ఎవరూ చెప్పరు. అడ్వాన్సు కట్టే ముందు, ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద ఆ సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. భర్త పరీక్ష, ట్యూబ్ టెస్టు చేయకుండా ఐవీఎఫ్ అంటే ఎందుకని అడగాలి. మొత్తం ఖర్చు, మందులతో సహా, కాగితం మీద రాసిమ్మనాలి. ఈ కుటుంబం కట్టిన 20,000 తిరిగి రాలేదు. రెండుసార్లు వెళ్లి అడిగి ఊరుకున్నారు.

ఇప్పటి పరిస్థితి

మూడు నెలలు ఆగి మళ్లీ లెట్రోజోల్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. ఇంకో మూడు చక్రాలు చూస్తాం. అప్పటికీ కాకపోతే బరంపురంలో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం), అదీ కాకపోతే ఐవీఎఫ్ గురించి అప్పుడు, తెలిసి, లెక్క చూసుకుని మాట్లాడుకుంటాం. ఆమెకిప్పుడు 24. సమయం ఉంది.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఈసారి అత్తగారు పక్కన లేదు, గొంతు కూడా మునుపటిది కాదు. "రేపు పదమూడో రోజు అమ్మా, స్కాన్‌కి ఎళ్తన్నాం. ఆయన నైట్ డ్యూటీ మార్పించుకున్నారు, కూడా వస్తన్నారు" అని చెప్పింది.